ఇరవై రెండు లైన్లు

మూడో రోజు
పరీక్షల గది, ఆఫీసు రెండో అంతస్తు

అమ్మమ్మా,

కాగితం మీద రాస్తున్నానని నవ్వకు. కంప్యూటర్లలో ప్రమాదకరమైన లోపం దొరికితే తొంభై రోజులు నోరు మూసుకోవాలని మా పనిలో నియమం. ఆలోగా సరిచేసి, తొంభయ్యో రోజున సరిచేసిన కోడ్‌తో సహా అందరికీ చెప్పాలి. అప్పటిదాకా ఫోన్లో గానీ మెయిల్లో గానీ ఒక్క ముక్క పోకూడదు. పోస్టు డబ్బాకి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. అదొకటి ఉందని మా బాసుకి గుర్తున్నట్టు లేదు.

దొరికింది నీ డ్రైవర్లోనే. నువ్వు ముప్ఫై ఏళ్ళ కిందట రాసి, ఇరవై నాలుగేళ్ళు కాపలా కాసిన తూకం యంత్రాల డ్రైవర్. మందులు కలిపే గదుల్లో, పోస్టాఫీసుల్లో, పసిపిల్లల్ని తూచే బల్లల దగ్గర, ఎక్కడ తూకం యంత్రాన్ని కంప్యూటర్‌కి తగిలించినా ఇప్పటికీ మధ్యలో మాట్లాడేది అదే. యంత్రం ముందు “ఇన్ని అక్షరాలు పంపుతున్నాను” అంటుంది, తర్వాత పంపుతుంది. నీ డ్రైవర్ అరవై నాలుగు అక్షరాలకి చోటు ఉంచి, యంత్రం ఎంత అంటే అంత నమ్మి దింపుకుంటుంది. నేనొక దొంగ యంత్రం తయారు చేశాను. అది నాలుగు వేలు అంటుంది. చోటు చాలక మిగిలినవన్నీ పక్కనున్న కెర్నెల్ సామాను మీద పడతాయి. మొదట్లో మెషిన్ పని ఆగి పడిపోయేది. కాస్త ఓపిక పట్టాక పడిపోవడం మానేసి నా చెప్పుచేతల్లోకి వచ్చింది. మూడు కిలోల బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి తెర మీద ముప్ఫై అని చూపించాను. ఎంత బరువుంటే అంత మందు పోసే గదిలో దీని అర్థం నీకు చెప్పక్కర్లేదు.

తొమ్మిది లైన్లలో సరిచేశాను. కొలత అరవై నాలుగు దాటితే తలుపు వేసెయ్యడం, అంతే. జత చేశాను. నువ్వు చూసి సంతకం పెట్టు. పాత కాపలాదారు సంతకమంటే, కెర్నెల్ రాసేవాళ్ళంతా సవరణలు పంపుకునే మెయిల్ లిస్టులో ఇంకా లేచి నిలబడేవాళ్ళున్నారు.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది, అడగక తప్పదు: ఈ లోపం గురించి ఇంతకు ముందు నీకు ఎవరైనా చెప్పారా?

అమ్మ బాగుంది. కొట్లో కళ్ళద్దాలు అరగదీసుకుంటోంది. నీ కళ్ళు కొలిచి రెండేళ్ళు నిండుతున్నాయి, కొలత అద్దాల పెట్టె తీసుకెళ్ళి కొలిచి రమ్మంది. ఈ పని తేలగానే వస్తాను.

నీ చీమ


తొమ్మిదో రోజు
తాళాల కొట్టు పైన

చీమా,

బతికే ఉన్నాను. మిగతా క్షేమసమాచారం ఈ చేతిరాత చూసి ఊహించుకో.

కవరు అంచు నాకు కనపడక కింద తాళాల మేస్త్రీ చేత చింపించాను. అతను మొదటి పేరా మీద కన్నేసి, డ్రైవర్లో లోపమా, తాగి నడిపాడా అని అడిగాడు. కెర్నెల్ అంటే ఇంట్లో తాళాలన్నీ ఉండే లోపలి గది అనీ, డ్రైవర్ అంటే బయటివాళ్ళు తెచ్చిన సామాను ఆ గదిలోకి అందించే మనిషనీ, ఆ మనిషి వచ్చినవాడి మాట నమ్మేశాడనీ చెప్పాను. “అయితే తాగే ఉంటాడు,” అన్నాడు. నీ తొంభై రోజుల మౌనానికి ఇతనివల్ల ప్రమాదం లేదు. ఇతను చెప్పింది ఇతని భార్యే నమ్మదు.

నీ తొమ్మిది లైన్లూ భూతద్దం పెట్టి చదివాను. చూశాను. పని సరిగ్గా ఉంది. తీసుకోవచ్చు. ఇరవై నాలుగేళ్ళలో ఈ మాటలు నా చేత రాయించుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకాయన ఫ్రేము కట్టించుకున్నాడని విన్నాను.

నీ ఫారం ప్రశ్నకి జవాబు: లేదు. ఎవరూ చెప్పలేదు. లిస్టు పాత ఉత్తరాలు డిస్కు కాలిపోయినప్పుడే పోయాయి. వాటికోసం వెతికి కళ్ళు పోగొట్టుకోకు, ఇంట్లో ఒకరికి పోతే చాలు.

మీ అమ్మ ముందు ఈ ప్రస్తావన తేకు. పంతొమ్మిదేళ్ళుగా నాతో మాట్లాడని మనిషి, రెండేళ్ళకోసారి నీ చేత నా కళ్ళు కొలిపించి అద్దాలు పంపుతుంది. పార్సిల్లో ఒక్క చీటీ ఉండదు. కానీ ఏ డాక్టరు రాసిన నంబరూ నమ్మదు, నేను చెప్పిందీ నమ్మదు. నువ్వు ఆ ఇనుప ఫ్రేము నా ముక్కు మీద పెట్టి గంటసేపు ఇదా అదా అని అడగాల్సిందే. మహా పట్టుదల మనిషి. ఆ పట్టుదల ఈ పనిలో చూపించి ఉంటే నా కుర్చీలో కూర్చునేది. పోనీలే.

తొందరగా పంపించెయ్.

అమ్మమ్మ


ఇరవయ్యో రోజు
పరీక్షల గది

అమ్మమ్మా,

నీ సంతకం చూసి మా బాసు కుర్చీలోంచి సగం లేచాడు. మిగతా సగం పొట్ట లేవనివ్వలేదు.

కానీ ఇంకా పంపలేదు. సవరణ కింద ఒక లైను ఉండాలి కదా, ఈ లోపం ఫలానా మార్పుతో వచ్చింది, ఆ మార్పు ఫలానావారిది అని. ఆ ఫలానా నువ్వే. ఆ లైను రాయడానికి నా చెయ్యి రావడం లేదు. నీకు కోపం రాదంటే రాస్తాను.

అది రాయాలంటే లోపం ఎప్పటినుంచి ఉందో తేల్చాలి. పాత కెర్నెళ్ళన్నీ ఒక్కొక్కటే ఎక్కించి నా దొంగ యంత్రం తగిలిస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు పడ్డాయి. నువ్వు నాకు పదహారేళ్ళప్పుడిచ్చిన నీ పాత మెషిన్ కూడా మంచం కింద నుంచి లాగాలి.

ఇంకో మంచి వార్త. లిస్టు పాత ఉత్తరాలు పోలేదు. రిటైరైన లైబ్రేరియన్ ఒకాయన అన్నీ డిస్కుల్లోకి ఎక్కించి దాచాడట. అట్టపెట్టెలో పంపుతానన్నాడు.

చీమ


ఇరవై ఏడో రోజు
తాళాల కొట్టు పైన

చీమా,

నా పేరు రాయడానికి చెయ్యి రాకపోవడం ఏమిటి? పెద్ద అక్షరాలతో రాయి. చేసిన తప్పు మీద పేరు ఉండాలి. ఆ నియమం పెట్టమని లిస్టులో గొడవ చేసినవాళ్ళలో నేనొకదాన్ని.

ఆ లైబ్రేరియన్ నాకు తెలుసు. అతను పంపిన సవరణ ఒకటి పదకొండుసార్లు తిప్పికొట్టాను. అప్పటినుంచీ నా ఉత్తరాలు దాచుకుంటున్నాడంటే అది ప్రేమ అనుకోను. ఆ అట్టపెట్టెలో దుమ్ము తప్ప ఏమీ ఉండదు. తెరిచి తుమ్ములు తెచ్చుకోకు. చదువుకున్న పిల్లవి, పని ముగించడం కూడా ఒక విద్యే అని తెలుసుకో.

తొమ్మిది లైన్లూ రేపే పంపు.

అమ్మమ్మ


ముప్ఫై తొమ్మిదో రోజు
నా గది

అమ్మమ్మా,

అట్టపెట్టె తెరిచాను.

పంతొమ్మిదేళ్ళ కిందటి డిస్కులో, నీ డ్రైవర్ కింద, అమ్మ పంపిన సవరణ ఉంది. ఇరవై రెండు లైన్లు. పైన అమ్మ రాసిన మాటలు ఇవి: “యంత్రం చెప్పిన కొలతని మనం మళ్ళీ కొలుచుకోవాలి. పైగా డ్రైవర్ ఆ కొలతని రెండుసార్లు అడుగుతోంది. మొదటిసారి నలభై అనీ, రెండోసారి నాలుగు వేలనీ చెప్పే యంత్రం రావచ్చు. ఒక్కసారే అడిగి, సరిచూసుకుని, ఆ అంకెనే పట్టుకుని ఉండాలి.”

ఆ మాట చదివి నా దొంగ యంత్రాన్ని అలా మార్చాను. మొదట నలభై, తర్వాత నాలుగు వేలు. నా తొమ్మిది లైన్లు మొదటి అబద్ధాన్ని ఆపాయి, రెండోదానికి తలుపు తీసి కూర్చోబెట్టాయి. నువ్వు “పని సరిగ్గా ఉంది” అన్న తొమ్మిది లైన్లు.

దాని కింద నీ జవాబు. నువ్వు మర్చిపోయి ఉంటావేమో, మొత్తం రాస్తున్నాను.

“ఇరవై రెండు లైన్లూ చదివాను. యంత్రం అబద్ధమాడుతుందని అనుమానించే మనిషి యంత్రాల జోలికి రాకూడదు, పెళ్ళి సంబంధాలు చూసుకోవాలి. ఇంట్లో నేర్చుకోవలసింది ఇంట్లో నేర్చుకుని లిస్టుకి రావాలి. తీసుకోవడం లేదు.”

దాని కింద నలభై ఒక్కమంది నవ్వారు. లెక్కపెట్టాను. ఆవిడ నీ కూతురని తెలిసే నవ్వారు. అయిదో రోజున అమ్మ ఒక్క లైను పంపింది: “నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను.” తర్వాత ఆ లిస్టులో అమ్మ పేరు ఎక్కడా లేదు.

అప్పుడు నాకు ఆరేళ్ళు. అమ్మ తన మెషిన్ మీద దుప్పటి కప్పడం గుర్తుంది. దానికి చలేస్తోందా అని అడిగితే, అవును అంది. తెర చూస్తే తలనొప్పి వస్తోందనీ, అందుకే ఆ పని మానేసి అద్దాల పని నేర్చుకుందనీ చెప్పావు నువ్వు. పంతొమ్మిదేళ్ళుగా అమ్మకి తలనొప్పి అనుకుంటున్నాను.

ఎవరూ చెప్పలేదని ఎందుకు రాశావు?

చీమ


నలభై ఆరో రోజు
తాళాల కొట్టు పైన

చీమా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నేను ఎవరికీ మెత్తగా రాయలేదు. మెత్తగా రాసేవాళ్ళ డ్రైవర్లు ఎలా ఉంటాయో నీ ఆఫీసులో రోజూ చూస్తూనే ఉంటావు. ఆ రోజుల్లో లిస్టులో మూడు వందలమంది మగవాళ్ళు, మేం ఆరుగురం ఆడవాళ్ళం. నా కూతురి సవరణకి నేను తల ఊపి ఉంటే, తల్లి ముద్దు చేసిందనేవాళ్ళు. మరొకరికి రెండు వాతలు పెట్టేచోట కూతురు కాబట్టి మూడు పెట్టాను. అది న్యాయమే అనుకున్నాను.

తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను. యంత్రాలు తయారుచేసేవాళ్ళందరూ మర్యాదస్తులని నమ్మిన కాలం అది. మనుషులన్నాక పొరబడతారు. మీ అమ్మ చెప్పింది నిజమని నీ మొదటి ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. అప్పుడు తెలిశాక నీకు చెప్పడానికి నోరు రాలేదు. ముసలిదాన్ని, ఆపాటి సిగ్గు ఉండదా?

నీ తొమ్మిది లైన్ల సంగతా? నా కళ్ళకి ఏది ఎనిమిదో ఏది సున్నానో తెలియడం లేదు. కళ్ళు లేనిదాని చేత సంతకం పెట్టించుకుని ఇప్పుడు దెప్పుతున్నావు.

ఒక్కమాట. నలభై ఒక్కమంది నవ్వితే పని మానేసే మనిషి, నేను మెచ్చుకున్నా ఎన్నాళ్ళు నిలిచేదంటావు?

అమ్మమ్మ


యాభై ఏడో రోజు
నా గది

అమ్మమ్మ గారికి,

మీరిచ్చిన పాత మెషిన్ మంచం కింద నుంచి తీసి తుడిచి వెలిగించాను. పాపం, ఇంకా వెలుగుతోంది. దొంగ యంత్రం తగిలించాను.

పడలేదు.

నాలుగు వేలు అన్నాను, పడలేదు. నలభై అని తర్వాత నాలుగు వేలన్నాను, పడలేదు. ఇప్పటికి ముప్ఫై ఒక్క కెర్నెళ్ళు పడగొట్టాను. లోకంలో పడనిది ఇదొక్కటే. మీ బల్ల మీద ఉండేది.

కోడ్ తెరిచాను. మీ డ్రైవర్లో అమ్మ లైన్లు ఇరవై రెండూ ఉన్నాయి. ఒక్క అక్షరం మార్చలేదు. “కొలత ఎవరు చెప్పినా మనం మళ్ళీ కొలుచుకోవాలి” అని అమ్మ మధ్యలో రాసుకున్న మాట కూడా అలాగే ఉంచారు. తేదీ చూశాను. మీరు లిస్టులో ఆ జవాబు రాసిన నాలుగో రోజు.

నాలుగు రోజుల్లో మీకు తెలుసు. అమ్మ చెప్పింది నిజమని తెలిసి, అమ్మ కోడ్‌తో మీ తలుపు మీరు వేసుకున్నారు. ఊళ్ళో తలుపులన్నీ తీసే ఉంచారు. అమ్మని తెలివితక్కువదిగానే ఉంచారు. నా తొమ్మిది లైన్లు చాలవని కూడా మీకు మొదటిరోజే తెలుసు. కళ్ళ మీద నెట్టకండి.

నేను మీకు రాసిన మూడు ఉత్తరాల్లో పెట్టిన ‘నువ్వు’లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఇట్లు,
మీ మనవరాలు


అరవై మూడో రోజు
తాళాల కొట్టు పైన

చీమా,

ఆ ‘మీరు’ బాగా తగిలింది. ఎక్కడ కొట్టాలో తెలిసి కొట్టావు. నా పోలికే.

సరే, విను. ఆ జవాబు పంపిన మర్నాడు, మీ అమ్మది ఎంత పిచ్చి అనుమానమో రుజువు చేద్దామని నేనే ఒక దొంగ యంత్రం చేశాను. మొదటిసారి తగిలించగానే నా మెషిన్ పడిపోయింది. నేను తప్పుగా చేశానేమోనని రెండు రోజులు మళ్ళీ మళ్ళీ చేశాను. నాలుగో రోజు పొద్దున కూర్చుని, అంతకంటే బాగా సరిచెయ్యాలని చూశాను. చేతకాలేదు. ఆ ఇరవై రెండు లైన్లలో ఒక్కటి తగ్గించలేకపోయాను. అలాగే నా మెషిన్లోకి దింపుకున్నాను. మధ్యలో మీ అమ్మ రాసుకున్న మాట ఎందుకు చెరిపెయ్యలేదంటే, బాగా రాసింది. బాగా రాసినదాన్ని నేను కొట్టెయ్యను.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. అప్పటికి నలభై ఒక్కమంది నా పక్కన నిలబడి నవ్వేశారు. వాళ్ళకి ఏమని రాయాలి? మొదటి లైను తట్టడం లేదని ఒక వారం ఆగాను. తర్వాత ఒక నెల. తర్వాత మీ అమ్మ అద్దాల పనిలో చేరింది, ఇంక దేనికిలే అనుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని ప్రతి ఏడూ పేపరు చూసి నిమ్మళంగా ఊపిరి తీసుకునేదాన్ని. ఆ మెషిన్ నీకు ఇచ్చేటప్పుడు చెరపాలని గుర్తే లేదు. అది నా జీవితంలో అసలైన తప్పు, మిగతావి తెలిసి చేసినవి.

నీ తొమ్మిది లైన్లు లోపలికి పోయాక, మిగతా పదమూడూ ఏదో సాకుతో నేనే చెప్పి నీ చేత రాయించేదాన్ని. మొత్తం నీ పేరు మీద ఉండేది. ఇంట్లోనే ఉండేది కదా.

ఏం చెయ్యాలో చెప్పు. చేస్తాను.

అమ్మమ్మ


డెబ్బై నాలుగో రోజు
ఆఫీసు క్యాంటీన్

అమ్మమ్మ గారికి,

నిన్న అమ్మ కొట్టుకి వెళ్ళాను. అమ్మ సవరణే పంపాలనీ, వెనక్కి తీసుకున్న కోడ్‌కి రాసినవాళ్ళు మళ్ళీ సంతకం ఇస్తేనే తీసుకుంటారనీ, తొంభయ్యో రోజు దాటితే లోపం బయటపడుతుంది గానీ మందు ఉండదనీ చెప్పాను. అన్నీ చెప్పాను. మీ ఉత్తరాలు బల్ల మీద పెట్టాను.

ముందర ఒకాయన కూర్చుని ఉన్నాడు. తన నంబరు తనకి తెలుసనీ, ఆ చీటీ ప్రకారం ఇచ్చెయ్యమనీ తొందరపడుతున్నాడు. అమ్మ చీటీ తిరగేసి పక్కన పెట్టి, ఆయన్ని కొలిచి, ఆయన నంబరు తప్పని తేల్చి పంపించింది. తర్వాత మీ ఉత్తరాల్లో ఆఖరిది మాత్రం చదివింది. నన్ను ఒక్కటే అడిగింది.

“ఎన్ని రోజులకి?”

“నాలుగు.”

అద్దాలు అరగదీసే రాయి తిరుగుతోంది. అద్దం దానికి ఆనించింది. కాసేపటికి, “ఆ నాలుగు రోజులూ నేను ఫోను పక్కనే కూర్చున్నాను. ఇంట్లో నేర్చుకోమంది కదా, నేర్పడానికి పిలుస్తుందేమోనని,” అంది. నాకు చెప్పినట్టు లేదు, అద్దానికి చెప్పినట్టు ఉంది.

సంతకం పెట్టింది. మూడో లైన్లో తన పాత కోడ్‌లోనే ఒక చిన్న తప్పు చూపించి, నా చేత దిద్దించి మరీ పెట్టింది. మిమ్మల్ని ఏమీ అడగలేదు.

నేను అడుగుతున్నాను. మీ పాత జవాబు లిస్టులోంచి ఎవరూ తీసెయ్యలేరు, అది ఎప్పటికీ ఉంటుంది. దాని కిందే జరిగింది జరిగినట్టు రాయండి. కాగితం మీద రాసి పంపితే అక్షరం మార్చకుండా నేను ఎక్కిస్తాను.

మీ మనవరాలు


ఎనభై రెండో రోజు
తాళాల కొట్టు పైన

చీమా,

జత చేశాను. పంతొమ్మిదేళ్ళ నుంచీ తట్టని మొదటి లైను ఒక పూటలో తట్టింది. తర్వాతవి వాటంతటవే వచ్చాయి. నాలుగో రోజు సంగతి దాచలేదు. మెషిన్ సంగతి దాచలేదు. నీ తొమ్మిది లైన్ల సంగతి కూడా పెట్టాను. చదివి చూడు, ముసలిదానికి ఇంకా చెయ్యి తిరుగుతోంది.

రాస్తున్నంతసేపూ ఎదురుగా మీ అమ్మ కూర్చున్నట్టే అనిపించింది. మీ అమ్మ చదివిందేమో, చదివి ఏమందో రాయి.

నా కళ్ళకి రెండేళ్ళు దాటి రెండు నెలలైంది. ఈ ఉత్తరం భూతద్దం మీద ఇంకో భూతద్దం పెట్టి రాశాను. పని అయిపోయింది కాబట్టి పెట్టె పట్టుకుని ఎప్పుడొస్తావు?

అమ్మమ్మ


తొంభై నాలుగో రోజు
పరీక్షల గది

అమ్మమ్మ గారికి,

తొంభయ్యో రోజు పొద్దున్నే అమ్మ సవరణ లోపలికి పోయింది. రచయితగా అమ్మ పేరు, లోపం తెచ్చినవారిగా మీ పేరు, కనిపెట్టినదాన్ని నేను. ఆసుపత్రులన్నీ వారంలో ఎక్కించుకుంటున్నాయి. ఆ సంగతి వరకు శుభం.

మీ ఉత్తరం కూడా అదే పూట, పాత జవాబు కింద పెట్టాను. అక్షరం మార్చలేదు. ఇవాళ్టికి దాని కింద మూడు వందల పన్నెండు జవాబులొచ్చాయి. ఈ వయసులో ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదట. కళ్ళనీళ్ళు వచ్చాయట. కుర్రవాళ్ళకి పాఠంగా చెప్పాలట. లైబ్రేరియన్ గారు కూడా, పదకొండుసార్లు తిప్పికొట్టించుకున్నందుకు గర్వంగా ఉందని రాశారు. వచ్చే సభలో మిమ్మల్ని సన్మానిస్తారట, చక్రాల కుర్చీ పంపి తీసుకెళతారట.

మూడు వందల పన్నెండులో అమ్మ సవరణ గురించి రాసినవి రెండు. ఒకాయన, మూడో లైన్లో ఖాళీ ఎక్కువైందన్నాడు. రెండో ఆయన “ఆవిడ కూతురు కూడా తెలివైనదే అన్నమాట” అన్నాడు.

మీ ఉత్తరం మళ్ళీ చదివాను. చాలా గొప్పగా ఉంది. ‘నేను’ ముప్ఫై నాలుగుసార్లు ఉంది. అమ్మ పేరు ఒకసారి.

అమ్మ కొట్లో నా ఫోన్లోనే చదివింది. మీ ఉత్తరం ఒక్కసారి, జవాబులు ఆఖరిదాకా. ఫోన్ తుడిచి నా చేతికిచ్చింది. పెట్టె తీసుకుని మీ దగ్గరికి వెళ్ళనా అని అడిగాను. అమ్మ అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

“కొలవక్కర్లేదు. నంబరు ఆవిడనే చెప్పమను. ఎంత చెబితే అంత అరగదీసి ఇస్తాను.”

పంతొమ్మిదేళ్ళలో ఆ కొట్టుకి వచ్చిన ఎవరికీ అమ్మ ఆ మాట అనలేదు.

మీ మనవరాలు


తాళాల కొట్టు పైన

చీమా,

సన్మానం అక్కర్లేదని రాయి. కుర్చీలో వాళ్ళనే కూర్చోమను.

జవాబులు అలా వస్తాయని తెలిసే రాశానా అని నువ్వు అడగలేదు. అడగనందుకు బతికిపోయాను.

ఇక నంబరు. నన్ను చూసి జాలిపడి ఎవరూ కొలవనక్కర్లేదు, నా కళ్ళ సంగతి నాకు తెలుసు. కుడి కన్ను మైనస్ ఆరున్నర, ఎడమ కన్ను మైనస్ ఏడు. కిందటిసారి నువ్వు కొలిచి రాసిన చీటీ మీద ఉన్నదే. చీటీ ఇప్పుడు చదవలేను గానీ, అంకెలు మర్చిపోయే మనిషిని కాను. అలాగే చెప్పు.

అమ్మమ్మ


కళ్ళద్దాల కొట్టు
(పార్సిల్లో చీటీ)

కుడి: మైనస్ ఆరున్నర. ఎడమ: మైనస్ ఏడు. చెప్పిన నంబరే.


తాళాల కొట్టు పైన

అమ్మాయీ,

నీకు ఉత్తరం రాసి పంతొమ్మిదేళ్ళు దాటింది. తాళాల మేస్త్రీ కాగితం మీద బద్ద పెట్టి ఒక్కొక్క లైనూ కిందికి జరుపుతుంటే రాస్తున్నాను. వంకర పోతే తప్పు అతనిది.

పార్సిల్ అందింది. చీటీ అతనే చదివి వినిపించాడు. నీ అక్షరం గుండ్రంగానే ఉందన్నాడు, నిజమేనా?

అద్దాలు పెట్టుకున్నాను. కిటికీ ఉన్నచోట తెల్లగా ఉంది. గోడ ఉన్నచోట అంతకంటే కొంచెం తక్కువ తెల్లగా ఉంది. ఎదురుగా మేస్త్రీ నిలబడ్డాడని అతను దగ్గితే తెలిసింది. మా వీధి చివర ఇంకో అద్దాల కొట్టు ఉంది, చెయ్యి పట్టుకుని తీసుకెళతానన్నాడు. వద్దన్నాను.

అంచులు వేలితో తడిమాను. ఎక్కడా గరుకు లేదు. ఫ్రేములో బిగింపు వెంట్రుకంత కూడా కదలడం లేదు. కొలత నేను చెప్పిందే, నువ్వు అక్షరం మార్చలేదు.

చూశాను. పని సరిగ్గా ఉంది. తీసుకున్నాను.

అమ్మ